అంగుళం ముందు ఆగే చెయ్యి

2023 జూన్ నెల. కొత్తగూడ నుంచి కొండాపూర్ వెళ్ళే దారిలో, ఒక టైల్స్ షాపు పైన మూడో అంతస్తులో మా కిక్‌బాక్సింగ్ జిమ్ ఉండేది. లిఫ్టు ఉంది గానీ నేను ఎవర్నీ ఎక్కనిచ్చేదాన్ని కాదు. "పొద్దంతా కుర్చీల కూసొనే వచ్చిండ్రు గద, మూడు అంతస్తులు ఎక్కితే అరిగిపోతరా?" అని మెట్ల దగ్గరే నిలబడి దబాయించేదాన్ని. వచ్చేవాళ్ళలో ముప్పాతిక మంది సాఫ్ట్‌వేర్ వాళ్ళే. ల్యాప్‌టాప్ బ్యాగులు ఓ మూల గుట్టగా పడేసి, మెడలో ఐడీ కార్డులు తీసి బూట్లలో దాచుకుని, చేతులకు గుడ్డపట్టీలు చుట్టుకుంటూ వరసలో నిలబడేవాళ్ళు.

నేను మూసాపేటలో పుట్టి పెరిగిన మనిషిని. బాక్సింగ్ అక్కడే నేర్చుకున్నాను. రాష్ట్రస్థాయి పోటీల్లో నాలుగు గెలిచాను, ఆరు ఓడాను. ఓడిన ఆరే నాకు ఎక్కువ గుర్తు, ముక్కు కూడా వాటిని మర్చిపోలేదు, కాస్త ఎడమకు వంగే ఉంది. ఆ తర్వాత కోచ్‌గా మారి అప్పటికి పద్నాలుగేళ్ళు. నోరు కొంచెం దురుసు. చేతులు మాత్రం బుద్ధిమంతులే, అనవసరంగా ఎవరి మీదా లేవలేదు.

ఏడాదికోసారి మా జిమ్ ఐటీ కంపెనీల ఉద్యోగుల మధ్య చిన్న పోటీలు పెట్టేది. మూడు రౌండ్లు, ఒక్కోటి రెండు నిమిషాలు, తలకి హెల్మెట్, పళ్ళకి మౌత్‌గార్డ్. ఎవరికి ఎవరిని జోడీ కట్టాలో తేల్చే పని నాది. దాన్ని మ్యాచ్‌మేకింగ్ అంటారు. పెళ్ళి సంబంధం చూసినట్టే బరువు, వయసు, అనుభవం అన్నీ కలవాలి. పెళ్ళిలో పొంతన కుదరకపోతే పెద్దమనుషులు కూర్చుంటారు, మా దగ్గర కుదరకపోతే అంబులెన్స్ వస్తుంది. అందుకే ఒక ఫారం పెట్టాను. బరువు ఎంత, ఎన్నేళ్ళు నేర్చుకున్నారు, ఇంతకుముందు ఎన్ని బౌట్లు, అంటే మ్యాచ్‌లు, ఆడారు, ఏ బెల్టు ఉంది.

ఆ చివరి ప్రశ్న మా ఓనరు పోరితే పెట్టిందే. బెల్టంటే నాకు మొదటి నుంచీ చులకన. అపార్ట్‌మెంట్ క్లబ్‌హౌసుల్లో జరిగే గ్రేడింగులు నాకు తెలియనివా? గ్రేడింగ్ అంటే పై బెల్టు ఇవ్వడానికి పెట్టే పరీక్ష. మూడు నెలలకోసారి పెడతారు, ఒక్కరూ తప్పరు. ఎప్పుడైనా ఒక మాస్టరు ధైర్యం చేసి ఒక పిల్లాడిని ఆపితే, "పక్క బ్లాక్ వాళ్ళబ్బాయికి వచ్చిందిగా అండీ, మావాడికి ఎందుకు రాలేదు?" అని తల్లి వాట్సాప్ గ్రూపులోనే నిలదీస్తుంది. నల్లబెల్టు కట్టుకుని వచ్చి, గ్లవ్ ముఖం మీదికి రాగానే కళ్ళు గట్టిగా మూసుకున్నవాళ్ళని నేను డజన్ల కొద్దీ చూశాను. నల్లదానికి ముందుండే బ్రౌన్ బెల్టుకే పదేళ్ళు తిప్పించే మాస్టర్లు ఉన్నారనీ విన్నాను. రెండు రకాల వాళ్ళూ కట్టుకునేది ఒకే రంగు గుడ్డ. ఇక ఆ గుడ్డ చూసి నేను తేల్చుకునేది ఏముంటుంది?

అలాంటి నా దగ్గరికి సత్యప్రసాద్ గారు వచ్చారు. నలభై మూడేళ్ళు. కాకినాడ వైపు మనిషి. నల్లగండ్లలో ఇల్లు, గచ్చిబౌలిలో ఒక సాఫ్ట్‌వేర్ కంపెనీలో డెలివరీ మేనేజర్ ఉద్యోగం. చేతిలో ఒక నీలం ఫైలు. అందులో ప్లాస్టిక్ కవర్లలో ఒకదాని వెనక ఒకటి కరాటే సర్టిఫికెట్లు. తెల్లబెల్టు నుంచి నల్లబెల్టు దాకా, ఆపైన థర్డ్ డాన్ దాకా. డాన్ అంటే నల్లబెల్టు తర్వాత వచ్చే మెట్టు. మొత్తం ఇరవై రెండేళ్ళ సాధన. బౌట్లు ఎన్ని అన్నచోట మాత్రం సున్నా అని నిజాయితీగా రాశారు.

"సార్, గిన్ని కాగితాలున్నయి. ఇగ మళ్ళ ఇక్కడికెందుకు వచ్చిండ్రు?" అన్నాను. మాటలో వెటకారం ఉంది, ఆయనకీ అర్థమైంది.

ఆయన ఫైలు మూసి ఒళ్ళో పెట్టుకున్నారు. "మా ఆఫీసులో నేను ఆడవాళ్ళకి సెల్ఫ్ డిఫెన్స్ క్లాసులు చెప్తుంటానండి. షిఫ్టులు చేసుకుని కంపెనీ క్యాబుల్లో ఇళ్ళకి వెళ్ళేవాళ్ళు వాళ్ళంతా. ఇప్పుడు నాలుగో బ్యాచ్ నడుస్తోంది. మొన్న ఒకమ్మాయి అందరి ముందూ అడిగిందండి, సార్, మీరు ఎప్పుడన్నా నిజంగ ఎవర్నన్న కొట్టిండ్రా అని."

"మీరేమన్నరు?"

"నవ్వేసి ఊరుకున్నానండి. కానీ ఆ ప్రశ్న నాతోనే ఇంటికొచ్చేసింది. నేను చెప్పింది నమ్మి వాళ్ళు ఎవడినో ఎదిరిస్తారు కదా. అది పని చేస్తుందో లేదో నాకు తెలియాలి. అందుకే నాతో ఒక్క బౌట్ ఆడించండి. ఓడినా సరే. నాకు తెలియాలి, అంతేనండి."

నా పద్నాలుగేళ్ళలో బరువు తగ్గాలని వచ్చారు, కోపం తగ్గాలని వచ్చారు, ఫొటోల కోసం వచ్చారు. తనకి వచ్చిన విద్య నిజమో కాదో తేల్చుకోవాలని వచ్చిన మనిషి ఈయన ఒక్కడే. నాకు ఆసక్తి పుట్టింది. అయినా లోపల అనుకున్నాను, ఇదీ క్లబ్‌హౌస్ సరుకే అయ్యుంటుందని.

మర్నాడు పొద్దున ఆరున్నరకి ప్యాడ్స్ పట్టాను. కోచ్ చేతులకి తొడుక్కుని దెబ్బలు కాచుకునే మెత్తటి దిండ్లని ప్యాడ్స్ అంటాం. మొదటి గుద్దుకే నా భుజం జివ్వుమంది. రెండోది ఎప్పుడు బయలుదేరిందో నాకు కనబడలేదు. కాళ్ళు నేల మీద జారుతున్నట్టు కదులుతున్నాయి. నలభై మూడేళ్ళ మనిషి, రోజుకు పదిగంటలు మీటింగుల్లో కూర్చునే మనిషి. నేను పప్పులో కాలేశానని అర్థమైంది. బెల్టులన్నీ ఉత్తవే అనుకోవడం కూడా ఒక మూఢనమ్మకమే. ఆయన ఫైలులో ఉన్న ఒక్కో కాగితం వెనక ఎన్ని వేల గుద్దులు ఉన్నాయో నా భుజానికి తెలిసింది.

ఇక్కడే నేను రెండో తప్పు చేశాను. చులకన పోయి నమ్మకం పట్టుకుంది. ఆ సాయంత్రమే బౌట్ షీటులో, అంటే జోడీలు రాసే కాగితంలో, ఆయన పేరు ఎదురుగా మల్లేశ్ పేరు రాసేశాను.

మల్లేశ్ గోపనపల్లి మనిషి. ఒక ఐటీ క్యాంపస్‌లో క్యాబుల సూపర్‌వైజర్. ముప్పై తొమ్మిదేళ్ళు. చిన్నప్పుడు ఊరి తాలీంలో కుస్తీ పట్టాడు. మా దగ్గరికి వచ్చి రెండేళ్ళు, ఆడిన మూడు బౌట్లూ గెలిచాడు. ఫారంలో బెల్టు అన్నచోట గీత గీసి వదిలేశాడు. మనిషి చాలా మంచివాడు, చెయ్యి మాత్రం రోకలి. ఆ వయసు విభాగంలో మల్లేశ్‌కి సరైన జోడీ దొరక్క రెండు నెలలుగా తల పట్టుకున్నాను. థర్డ్ డాన్ దొరికాడు, తాడిని తన్నేవాడికి తలదన్నేవాడు అనుకుని సంబరపడ్డాను. పోటీలకి అప్పటికి మూడు వారాలే ఉంది.

జోడీ ఖాయం చేసేముందు ఇద్దరినీ ఒకసారి స్పారింగ్ చేయించడం నా అలవాటు. స్పారింగ్ అంటే హెల్మెట్లు పెట్టుకుని, బలం సగానికి తగ్గించి, బౌట్ లాగే ఆడటం. ఇద్దరినీ రింగులోకి దించి గంట కొట్టాను.

మొదటి రౌండు అయిపోయింది. రెండు నిమిషాల్లో ఒకరి దెబ్బ ఒకరికి తగల్లేదు. మల్లేశ్ గుద్దు వచ్చేసరికి సత్యప్రసాద్ గారు అక్కడ ఉండరు. అంత దూరం కాదు, చొక్కా కుట్టు వెడల్పున పక్కకి ఉంటారు. సత్యప్రసాద్ గారి గుద్దు మల్లేశ్ ముఖం మీదికి పాములా లేస్తుంది, మల్లేశ్ కళ్ళు చికిలిస్తాడు, అంతే. "ఏంది, దాగుడుమూతలు ఆడుతున్నరా?" అని నేను తాళ్ళ బయటి నుంచి అరిచాను.

రెండో రౌండు సగానికి వచ్చేసరికి మల్లేశ్ ముఖానికి అడ్డం పెట్టుకున్న చేతులు దించేశాడు. తిన్నగా నడుచుకుంటూ లోపలికి వెళ్ళిపోయాడు. పక్కటెముకల మీద మూడు తగిలించాడు. సగం బలమే. అయినా సత్యప్రసాద్ గారికి ఊపిరి ఆడలేదు. గంట కొట్టి ఆపేశాను.

మల్లేశ్ తాళ్ళ దగ్గరికి వచ్చి మౌత్‌గార్డ్ తీశాడు. గొంతు తగ్గించి అన్నాడు, "మేడం, సార్ నన్ను కొడ్తలేడు."

"భయపడ్తున్నడా?"

"భయం గాదు మేడం. ముక్కుకాడి దాంక వస్తది. గాలి తగుల్తది. గంతే. మొదాల్ల జర పరేషానైన. ఇగ తగలదని తెల్సినంక ఫికర్ లేకుంట లోపలికి పోయిన."

ఇది గోదావరి మర్యాద అనుకున్నాను. ఎదుటివాడిని కొడితే ఏమనుకుంటాడో అనే రకం. ఆయన దగ్గరికి వెళ్ళి ఇంతెత్తున లేచాను. "సార్, మీరు చుట్టాలింటికి రాలే. ఆయన ఏమనుకోడు. కొట్టుండ్రి!"

ఆయన హెల్మెట్ లోంచి నన్ను తెల్లబోయి చూశారు. "కొడుతూనే ఉన్నానండి. నాలుగైదు ముఖం మీదే పడ్డాయి కదండీ. మల్లేశ్ గారు గట్టి మనిషి, తట్టుకుంటున్నారు."

ఆయన అబద్ధం చెప్పడం లేదు. అది ఆ ముఖంలో తెలుస్తూనే ఉంది. రింగు మూలన స్టాండుకి పెట్టిన ఫోనులో స్పారింగ్ అంతా వీడియో తీయడం మా పద్ధతి. ఆ ఫోను తెచ్చి, వేగం బాగా తగ్గించి, ముగ్గురం బెంచీ మీద కూర్చుని చూశాం. తల మీదికి వేసిన గుద్దులు లెక్కపెట్టాను. పదిహేడు. పదిహేడూ ముఖానికి అంగుళం ముందు ఆగిపోయాయి. ఒకటి రెండంగుళాల దగ్గర, ఇంకొకటి అరంగుళం దగ్గర అని లేదు. ప్రతిదీ అక్కడే, స్కేలు పెట్టి కొలిచినట్టు.

ఆయన మూడుసార్లు చూశారు. మూడోసారి అయ్యాక ఫోను నా వైపు జరిపి, గ్లవ్స్ లేసులు పళ్ళతో విప్పుకోసాగారు.

"మా మాస్టారు ఒక కాగితం ముక్క దారానికి కట్టి వేలాడదీసేవారండి," అన్నారు. "గుద్దితే కాగితానికి చెయ్యి తగలకూడదు. ఆ గాలికే అది ఊగాలి. తగిలితే మళ్ళీ మొదటి నుంచి. మా పోటీల్లో కూడా ముఖానికి తగిలితే ఫౌల్. దాన్ని కంట్రోల్ అంటాం. నా నల్లబెల్టు గ్రేడింగులో మాస్టారు తన ముక్కే ముందు పెట్టారు. వంద గుద్దులు. ఒక్కటి తగల్లేదు."

నాకు కుతూహలం ఆగలేదు. బిల్లు పుస్తకంలోంచి ఒక కాగితం చింపి, దారం కట్టి, తలుపు పైచట్రానికి వేలాడదీశాను. పది గుద్దులు గుద్దాను. పదీ కాగితానికి తగిలాయి. మల్లేశ్ వచ్చి ఒక్కటే గుద్దాడు, కాగితం చిరిగి దారం మిగిలింది. సత్యప్రసాద్ గారిని రమ్మన్నాను. ఆయన చెయ్యి వెళ్ళి వచ్చింది. కాగితం గాలిపటం తోకలా ఊగింది, చెయ్యి తగిలిన చప్పుడు లేదు. తర్వాత నేను వెళ్ళి ఆయన ముందు నిలబడి నా వంకర ముక్కు పెట్టాను. కళ్ళు తెరిచే ఉంచాను. పదిసార్లు గాలి తగిలింది. ఆ మనిషి ముందు నిద్రపోమన్నా పోతాననిపించింది. ఇన్నేళ్ళలో నేను చూసిన చేతుల్లో అంత పని తెలిసిన చెయ్యి ఇంకోటి లేదు, ఆ మాట ఆయనకే చెప్పాను.

"మరి పనికి రాదు కదండీ," అన్నారాయన.

ఆ తర్వాత వారం రోజులు నేను ఆయన మీద ప్రయోగాలు చేశాను. వేలాడే ఇసుక సంచిని గుద్దమన్నాను, పైకప్పు కొక్కెం కిర్రుమనేలా గుద్దారు. ప్యాడ్ పట్టాను, మళ్ళీ నా భుజం జివ్వుమంది. ఒకరోజు ఆ ప్యాడ్ మీద మార్కర్ పెన్నుతో రెండు కళ్ళు, ఒక ముక్కు, ఒక మీసం గీశాను. చిన్నపిల్లల బొమ్మలా ఉంది, మల్లేశ్ దాన్ని చూసి "అచ్చం మా మేనమామే" అన్నాడు. ఆయన చెయ్యి ఆ బొమ్మ ముందు అంగుళం దూరంలో ఆగిపోయింది. ఇంకోసారి గుద్దమన్నాను. ఆగిపోయింది. బొమ్మ తుడిచేశాక దుమ్ము లేపారు. నేను నవ్వబోయి ఆయన కళ్ళు చూసి ఆగిపోయాను. మనిషి వద్దంటే చెయ్యి ఆగడం నాకు తెలుసు. మనిషి కొట్టు అంటున్నా చెయ్యి ఆగిపోవడం ఎప్పుడూ చూడలేదు.

"కొట్టు సార్ నన్ను. ఏం గాదు. మా ఇంటామె రోజు కొట్టినట్టే కొడ్తది మాటల్తోని," అని మల్లేశ్ రోజూ ముఖం ముందు పెట్టి నిలబడేవాడు. ఆయనా పళ్ళు బిగించి వేసేవారు. ఒకటి రెండు సార్లు గ్లవ్ హెల్మెట్‌ని రాసుకుంది. అలా రాసుకున్న ప్రతిసారీ ఆయన వెంటనే "సారీ అండీ" అనేవారు.

ఆదివారం పొద్దున ఆయన్ని కూర్చోబెట్టి, బౌట్ షీటులోంచి పేరు తీసేస్తానన్నాను. నా తప్పు నేను ఒప్పుకున్నాను. ఆయన బెల్టు చూసి నేను వేసిన లెక్క అది. రింగులో ఎదుటివాడు చేతులు దించి లోపలికి వచ్చేస్తే ఈయన్ని కాపాడేది ఏమీ లేదు. ఆయన ఒప్పుకోలేదు. ఓడినా సరే అని ముందే చెప్పాను కదండీ అన్నారు. మేమిద్దరం వాదించుకుంటూ ఉంటే నా నోటికి ఊరికే ఒక ప్రశ్న వచ్చింది. ముందుగా ఆలోచించి అడిగింది కాదు.

"సార్, మీ ఆఫీసుల ఆడోళ్ళకు ఎట్ల నేర్పిస్తరు?"

"జంటలుగా నిలబెడతానండి. ఒకళ్ళు పట్టుకోడానికి వస్తారు, రెండోవాళ్ళు అరచేత్తో గడ్డం కింద కొడతారు. దెబ్బ తగలకుండా. ఎవరైనా తగిలించేస్తే ఆపి, కంట్రోల్, కంట్రోల్ అని మళ్ళీ..."

వాక్యం పూర్తి కాలేదు. ఆయన ముఖంలో రంగు పోయింది. పక్కనే పట్టీలు విప్పుకుంటున్న మల్లేశ్ నీళ్ళ సీసా అందించాడు, ఆయన అందుకోలేదు. ఇంతసేపూ ఆయన పక్కటెముకల గురించి గొడవపడుతున్న నాకు, క్యాబుల్లో ఇళ్ళకి వెళ్ళే ఆ ఆడవాళ్ళు ఒక్కసారిగా కళ్ళ ముందు కనిపించారు.

"నా పేరు కొట్టేయండి," అన్నారాయన. "నా సంగతి తర్వాత చూద్దాం. శనివారం మీరిద్దరూ మా ఆఫీసుకి రాగలరా?"

శనివారం పొద్దున పది గంటలకి వాళ్ళ క్యాంటీన్‌లో బల్లలు పక్కకి జరిపి చోటు చేశారు. నాలుగో బ్యాచ్ వాళ్ళు పందొమ్మిది మంది. మల్లేశ్‌కి మా జిమ్ ఫోమ్ సూట్ తొడిగాం. ఒళ్ళంతా దళసరి పరుపు, తలకి ఇనుప జాలీ ఉన్న హెల్మెట్. ఎంత గట్టిగా కొట్టినా లోపలివాడికి ఏమీ కాదు. "గిది ఏస్కొని మెట్రో ఎక్కిననుకో, సీటు పక్కా దొరుకుతది," అన్నాడు మల్లేశ్ లోపలి నుంచి. అందరూ నవ్వారు.

సత్యప్రసాద్ గారు చెప్పారు, "అమ్మా, ఇవాళ నిజంగా కొట్టాలి. ఆయనకి దెబ్బ తగలదు. మీరు ఆపొద్దు."

మొదటి అమ్మాయి వచ్చింది. మల్లేశ్ చేతులు చాచి మీదికి వెళ్ళాడు. ఆమె కాలు సరిగ్గా పడింది, నడుం సరిగ్గా తిరిగింది, అరచెయ్యి మెరుపులా గడ్డం కిందికి లేచింది. జాలీకి అంగుళం ముందు ఆగింది. ఆమె సంతోషంగా వెనక్కి తిరిగి చూసింది. "బాగా పడింది కదా సార్?"

"తాకలే మేడం. గాలొచ్చింది," అన్నాడు మల్లేశ్.

రెండో ఆమె. మూడో ఆమె. ఒకరిని చూసి ఒకరు నవ్వుకుంటూ వచ్చారు, ఎనిమిదో ఆమె దగ్గరికి వచ్చేసరికి నవ్వులు ఆగిపోయాయి. అంత చక్కగా నేర్పించారు ఆయన, ఎవరి అడుగులోనూ తప్పు పట్టడానికి లేదు. పన్నెండు మంది చేతులూ అక్కడే ఆగాయి. ఆయన గోడకి ఆనుకుని, చేతులు కట్టుకుని నిలబడ్డారు. నేను ఆయన వైపు చూడలేకపోయాను. నా విద్యార్థులు నా తప్పునే అంత అందంగా చేసి చూపిస్తే నేనైతే అక్కడ నిలబడగలిగేదాన్ని కాదు.

పదమూడో అమ్మాయి శిరీష. సిద్దిపేట పిల్ల. ఆయన్ని ఆ ప్రశ్న అడిగింది ఈమే. కంట్రోల్ లేదని నెలరోజులుగా వెనక వరసలో నిలబెట్టిందీ ఈమెనే. కాలు తప్పుగా పడింది, నడుం తిరగనే లేదు. కానీ అరచెయ్యి వెళ్ళి జాలీకి ఠపీమని తగిలింది. మల్లేశ్ తల వెనక్కి ఊగింది, రెండడుగులు వెనక్కి వేశాడు.

"అయ్యో అన్నా, తాకిందా? సారీ, సారీ!" శిరీష నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుంది.

సత్యప్రసాద్ గారి నోట "కంట్రో..." అని సగం మాట వచ్చేసింది. మింగేశారు. గోడ వదిలి ముందుకి వచ్చారు. "సారీ చెప్పకమ్మా," అన్నారు. "ఇంకొకటి కొట్టు. అందరూ చూడండి."

శిరీష మళ్ళీ కొట్టింది. మూడోసారి కొట్టింది. ఆ తర్వాత మిగతావాళ్ళు ఒక్కొక్కరే వచ్చారు. కొందరికి రెండోసారికే తగిలింది, కొందరికి పదోసారికి. ఒకామె తగలగానే ఏడ్చేసింది. ఎందుకని ఎవరూ అడగలేదు. మధ్యాహ్నం రెండయ్యేసరికి మల్లేశ్ చెమటతో తడిసి ముద్దయ్యాడు, పందొమ్మిది మందికీ కనీసం ఒక్కసారైనా చెయ్యి తగిలింది. ఇక నుంచి ప్రతి శనివారం ఈ సూట్ వెయ్యాల్సిందేనని అక్కడే ఖాయం చేసుకున్నాం.

ఈ సంగతి నాకు ఏం నేర్పిందని జిమ్‌లో కొత్త కోచ్‌లు అడుగుతుంటారు. బెల్టు దొంగది కాదని నేర్పింది. ఆయన బెల్టు అక్షరాలా నిజమే చెప్పింది. "ఎదుటివాడి ముఖానికి తగలకుండా ఈ మనిషి అంగుళం ముందు ఆపగలడు" అని చెప్పింది, ఆయన ఆపారు. దాన్ని "ఈ మనిషి కొట్టగలడు" అని చదువుకున్నది నేను, ఆయన ఆఫీసు, చివరికి ఆయన కూడా. ఇప్పుడు ఎవరైనా బెల్టు చూపిస్తే నేను వెటకారం చెయ్యను, దండమూ పెట్టను. ఆ పరీక్షలో ఎదుట ఎవరు నిలబడ్డారు, వాళ్ళు ఏం చేశారు, నువ్వేం చేస్తే తప్పు అన్నారు అని అడుగుతాను. తప్పు అన్నది ఏమిటో తెలిస్తే సగం మనిషి తెలిసిపోతాడు.

నాలుగో బ్యాచ్ సంగతి అలా తేలింది. అంతకుముందు మూడు బ్యాచ్‌లు ఉన్నాయి. నలభై ఒక్కమంది. కొందరు కంపెనీలు మారిపోయారు, ఒకరిద్దరు బెంగళూరు వెళ్ళిపోయారు. ఆయన వాళ్ళ నంబర్లన్నీ ఒక కాగితం మీద రాసుకుని, వారం రోజులు సాయంత్రాలు మా జిమ్ బెంచీ మీద కూర్చుని ఒక్కొక్కరికీ ఫోన్ చేశారు. ఇంటి దగ్గర చేస్తే పిల్లలు వింటారని ఇక్కడ చేస్తున్నానన్నారు. అందరికీ ఒకటే మాట. "అమ్మా, నేను మీకు సగమే నేర్పించాను. కొట్టడం నేర్పలేదు. శనివారం ఒక్కసారి రండి." థర్డ్ డాన్ మనిషి అంతమంది దగ్గర ఆ మాట అనడం నేను పట్టీలు చుట్టుకుంటూ విన్నాను. రింగులో నేను చూసిన ధైర్యాలన్నీ దాని ముందు చిన్నవే.

ఒకామెకి ఎంత చెప్పినా అర్థం కాలేదు. స్పీకర్ ఆన్‌లో ఉంది, నాకూ వినిపించింది. "నాకు సర్టిఫికెట్ వచ్చేసింది కదండీ సార్. ఫ్రేము కూడా కట్టించాను. మళ్ళీ ఎందుకండీ?"

"ఆ సర్టిఫికెట్ మీద సంతకం నాదేనమ్మా," అన్నారాయన. "అందుకే ఫోన్ చేస్తున్నాను."

"మీరు మరీ మొహమాటం సార్. మీరు చాలా బాగా నేర్పారండీ," అని నవ్వి ఆమె ఫోన్ పెట్టేసింది.

నలభై ఒక్కమందిలో ఇరవై ఆరు మంది వచ్చారు. మిగతా పదిహేనుమందికి ఆయన మళ్ళీ చేశారు, ఆ తర్వాత నేను కూడా చేశాను. వాళ్ళు రాలేదు. వాళ్ళ దగ్గర ఇప్పటికీ ఆ కాగితం ఉంది, చెయ్యి ఇప్పటికీ అంగుళం ముందే ఆగుతుంది, ఆ సంగతి వాళ్ళకి తెలియదు. తలుచుకున్నప్పుడల్లా నాకు భయం వేస్తుంది.